ఏ పండుగకో చెప్పలే

మొన్న నైట్ డ్యూటీలో దుప్పటి మార్చడానికి ఒక బాలింత దిండు లేపితే కింద కొడవలి ఉంది. చిన్న గడ్డి కొడవలి. పిడికి పాత చీర పేలిక చుట్టి ఉంది. ఆ పిల్లకు కాన్పు అయి రెండో రోజు. పక్కన కూర్చున్న ముసలామె గబుక్కున నా చేయి పట్టుకుంది. "తియ్యకు బిడ్డా. ఇనుముంటే గాలి దగ్గరికి రాదు" అన్నది. వార్డులో మంచం మీద కొడవలి ఉంచలేం, పసిపిల్ల పక్కనే ఉంది. అట్లని ఆమె భయాన్ని తీసి చెత్తబుట్టలో వేయలేను. కొడవలిని ఆమె సంచిలో పెట్టించి, నా లాకరుకు వేసుకునే తాళం తెచ్చి ఇచ్చాను. "ఇది కూడా ఇనుమేనమ్మా" అన్నాను. ఆమె తాళాన్ని గోటితో గీకి, చేతిలో ఎత్తి బరువు చూసి, అప్పుడు దిండు కింద పెట్టింది. ఆ రాత్రంతా నా లాకరుకు తాళం లేదు.

తెల్లారుజామున మూడింటికి కాస్త తెరిపి దొరికి టీ తాగుతుంటే గుర్తొచ్చింది. నా సంచిలో ఉన్న నవలలో రాకుమారుడికి కూడా ఇనుము పడదు. ముట్టుకుంటే చేయి కాలుతుంది. ఆయన ఎల్ఫ్, అంటే పడమటి దేశాల కథల్లో మొనదేలిన చెవులతో ఉండే, మనుషులు కాని ఒక జాతివాడు. స్కాట్లాండ్, ఐర్లాండ్ పల్లెల్లో ఒకప్పుడు తొట్లె దగ్గర ఇనుప కత్తెర పెట్టేవాళ్లు. ఆ కనపడని జాతి వచ్చి బిడ్డను ఎత్తుకుపోయి, తమ బిడ్డను ఆ చోట పడుకోబెట్టి పోతుందని భయం. ఎక్కడి స్కాట్లాండ్, ఎక్కడి పాలమూరు! మా ముసలామెను తీసుకుపోయి ఆ కాలపు స్కాట్లాండ్ ఇంట్లో నిలబెడితే, భాష రాకపోయినా ఆ కత్తెర చూసి తల ఊపేది.

నేను ఈ నవలలు ఎందుకు చదువుతానని వార్డులో సిస్టర్లు, ఊళ్లో అమ్మ, ఇంట్లో మా ఆయన, అందరూ ఏదో ఒక రోజు అడిగినవాళ్లే. "మొనదేలిన చెవులోళ్ల ప్రేమకథల్ల ఏముంటదే?" అని నా తోటి సిస్టర్ అడిగినప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మంచిగుంటయి, చదువు అని మాత్రం అన్నాను. ఆ రాత్రి తాళం ఇచ్చి వచ్చినంక, చెప్పాల్సింది ఏమిటో కొంచెం కొంచెం తేలింది.

మాది అచ్చంపేట దగ్గర ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నర్సింగ్ చదవడానికి హైదరాబాద్ పోతే పుస్తకాలన్నీ ఇంగ్లిష్. క్లాసులో మేడం చెప్పేది సగం అర్థమయ్యేది కాదు. హాస్టల్‌లో సీనియర్ అక్క ఒకామె, "రోజూ ఏదో ఒక కథల పుస్తకం చదువు, భాష అదే వస్తది" అని చెప్పి ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి తీసుకుపోయింది. అట్ట మీద అడవి, ఆ అడవిలో ఒక తలుపు ఉన్న పుస్తకం తీసుకున్నాను. అరవై రూపాయలు. మొదటి ఇరవై పేజీలకు వారం పట్టింది. ఒక మామూలు పల్లెపిల్ల పొరపాటున ఎల్ఫ్‌ల అడవిలోకి పోతుంది, అక్కడివాళ్లు పెట్టింది తినొద్దని ఎవరో చెప్తారు. అంతవరకు వచ్చేసరికి డిక్షనరీ పక్కన పెట్టేశాను. తెలియని మాటలు తెలియకుండానే పోనీ, ఆ పిల్ల తిన్నదా లేదా అన్నది నాకు కావాలి.

ఎల్ఫ్‌కు మన దగ్గర సరిపోయే మాట లేదు. గంధర్వులంటే కొంత దగ్గర, యక్షులంటే ఇంకొంత. మనిషి కన్నా అందంగా, మనిషి కన్నా చాలా ఎక్కువ కాలం బతికి, అడవిలోనో గుట్ట లోపలో తమ రాజ్యం ఏలుకునేవాళ్లు. ఇప్పటి నవలల్లో వాళ్లు ప్రేమించదగ్గ వీరులు గానీ, పాతకాలంలో జనం వాళ్లకు భయపడేవారు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు వైద్య గ్రంథాల్లో 'ఎల్ఫ్ రోగం' అని ఉంటుంది, దానికి మూలికలతో మందులు రాశారు. ఒళ్లంతా నొప్పులు, ఉన్నట్టుండి పోటు, కారణం దొరకదు, కాబట్టి ఎల్ఫ్ పని. ఇది చదివిన రోజు నాకు మా ఓపీ గుర్తొచ్చింది. "ఏమైందమ్మా?" అంటే "గాలి సోకింది సిస్టర్" అనేవాళ్లు నెలకు ఒకరైనా వస్తారు. బీపీ చూస్తాం, హిమోగ్లోబిన్ చూస్తాం, ఏడో ఎనిమిదో ఉంటుంది. ఐరన్ మాత్రలు ఇచ్చి పంపిస్తాం. అట్ల చూస్తే గాలికి ఇనుమే మందు అన్న మాట మా వార్డులో నిజమే.

ఇప్పుడు ఈ రకం నవలలకు ఇంగ్లిష్‌లో రొమాంటసీ అని, రొమాన్స్‌నూ ఫాంటసీనీ కలిపి, పేరొచ్చింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా ఎంచడానికి పెట్టుకున్న చిన్న జాబితాలో ఆ మాట కూడా ఉంది. జాబితాలోకి ఎక్కకముందు కూడా ఆడవాళ్లు బస్సుల్లో, హాస్టళ్లలో వీటిని చదువుకుంటూనే ఉన్నారు.

నన్ను పట్టి ఉంచింది మంత్రాలు కాదు. చేతిలోంచి నిప్పు రావడం, రెక్కల గుర్రం, వెలిగే కత్తి, ఇవన్నీ మూడో పుస్తకానికే అలవాటైపోతాయి. ఆ లోకంలో ఒక చట్టం ఉంది, దానికి మాత్రం నేను ఇంకా అలవాటు పడలేదు. అక్కడ నోటినుంచి వచ్చిన మాట కట్టేస్తుంది. చాలా నవలల్లో ఎల్ఫ్ అబద్ధం ఆడలేడు. ఆడకూడదని నీతి చెప్పుకుని ఆగడం కాదు, ఆడబోతే నాలుక కదలదు. మాటిస్తే తప్పలేడు. తప్పితే ప్రాణం మీదికి వస్తుంది, లేదంటే బలం అంతా పోతుంది. పేరు చెప్పడం కూడా చిన్న పని కాదు, ఎందుకంటే అసలు పేరు తెలిసినవాళ్ల చేతిలో మనిషి గుట్టంతా ఉన్నట్టే. కృతజ్ఞత చెప్పినా అప్పు పడ్డట్టే. అందుకే ఆ కథల్లో మాట్లాడుకునే ప్రతిచోటా ఒళ్లు జలదరిస్తుంది. ఇద్దరు నిలబడి నాలుగు మాటలు అనుకుంటే చాలు, కత్తియుద్ధం కన్నా ఎక్కువ గుండె కొట్టుకుంటుంది.

ఇది మనకు కొత్తదేం కాదు. ఊరి గ్రంథాలయంలో అట్టలు చిరిగిన చందమామల్లో మనం చదివిందే. తెలిసి కూడా జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెప్తే మౌనం పోయి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుణ్ని కట్టింది తాడు కాదు, షరతు. శంతనుడు గంగను ఎందుకని అడగనని మాటిచ్చాడు, ఏడుగురు బిడ్డలు నీళ్లలో పోయేదాకా పళ్లబిగువున ఉన్నాడు, ఎనిమిదోసారి అడిగాడు, ఆమె వెళ్లిపోయింది. ఊర్వశి కూడా పురూరవుడికి షరతులు పెట్టే వచ్చింది. వాళ్లిద్దరి మాటలు ఋగ్వేదం పదో మండలంలోనే ఉన్నాయి, విడిపోయినంక ఆమెను ఉండమని ఆయన బతిమాలుకునే మాటలు. పెద్దన వరూధిని సంగతి నాకు వేరేగా బాధ. ప్రవరుడి కాలికి రాసుకున్న పసరు మంచుకు కరిగిపోయింది కాబట్టి ఆయన అక్కడ చిక్కుకున్నాడు. ఆమె ప్రేమించింది, ఆయన వద్దని పోయాడు, అక్కడివరకు సరే. తర్వాత ఒక గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకుని వచ్చాడే, అది నేను ఇప్పటికీ క్షమించలేను. ఆ మోసం నేటి ఎల్ఫ్ నవలలో జరిగితే పాఠకురాళ్లు ఊరుకోరు, రెండో భాగంలో వరూధిని దానికి లెక్క అడిగి తీరుతుంది. అట్లాంటి రెండో భాగం చదవాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది.

ఇంతగా మాట కట్టే లోకం మీద నాకెందుకు పట్టు అంటే, దానికి మా నాయిన కథ చెప్పాలి.

1996లో దసరా పోయినంక నాయిన వలస పోయాడు. నాకు ఏడేళ్లు నిండలేదు. ఊరికి గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్స్ ఇచ్చి మనుషులను మాట్లాడుకుని పోయేవాడు. మహారాష్ట్రలో కాలువ పని, మట్టి పని. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎన్ని డ్యాముల కింద మా దిక్కు చేతులున్నాయో లెక్క లేదు. మా ఇంట్లో ఆ ఏడు బోరు పడక అప్పు మిగిలింది. మేస్త్రి మూడు వేలు ఇచ్చి కాగితం మీద నాయిన వేలిముద్ర తీసుకున్నాడు. ఆ కాగితం నాకు బాగా గుర్తు. వేలిముద్ర పడ్డంక నాయిన బొటనవేలు గోడకు రుద్దాడు. సున్నం గోడ మీద ఊదారంగు మరక చాన్నాళ్లు ఉండింది. నేను దాని మీద నా వేలు పెట్టి కొలుచుకునేదాన్ని.

పోయేముందు నా తల మీద చేయి పెట్టి, "పీర్ల పండుగకు వస్త బిడ్డా" అన్నాడు.

మా దిక్కు వలసపోయినవాళ్లు దసరాకు రాకపోయినా పీర్ల పండుగకు వస్తారు. హిందువులు, ముస్లింలు అని లేదు, ఊరంతా పీర్ల చావిడి ముందే. కానీ పీర్ల పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. చాంద్రమానం లెక్క, ఏడేళ్ల పిల్లకు ఎట్ల తెలుస్తుంది. పండుగ ఎప్పుడని చావిడి దగ్గర ముజావర్ తాతను రోజూ అడిగేదాన్ని. ఆయన వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి చూపేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో, మే నెలలో వచ్చింది. గుండం తవ్వారు, పీర్లు లేచినయి, డప్పులు మోగినయి. నేను ఊరి మొగదల చింతచెట్టు కింద కూర్చుని బస్సులు చూశాను. బొంబాయి దిక్కు నుంచి వచ్చినవాళ్లు ట్రంకుపెట్టెలతో దిగుతున్నారు. మా నాయిన దిగలేదు. అవ్వ ఇచ్చిన మలీద ముద్దల్లో ఒకటి నాయినకని స్టీలు డబ్బాలో దాచాను. మూడో రోజు మూత తీస్తే నల్లచీమలు. అమ్మ ఏమీ అనకుండా డబ్బా కడిగి బోర్లించింది.

మరుసటి ఏడు పండుగకు కూడా రాలేదు. ఆ తర్వాతి పండుగకు వచ్చాడు. గడ్డం, నల్లబడ్డ ముఖం, భుజాన సంచి. వాకిట్లో నిలబడ్డ మనిషిని చూసి "అమ్మా, ఎవరో వచ్చిండ్రు" అని నేను లోపలికి ఉరికాను. ఎల్ఫ్‌ల రాజ్యంలో ఒక రాత్రి గడిపి వచ్చేసరికి ఊళ్లో ఏళ్లు గడిచిపోయి, సొంత మనుషులు గుర్తుపట్టని ఘట్టం చాలా పాత కథల్లో ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు అందరూ ఆ తిరిగొచ్చిన మనిషి వైపు నుంచి చదువుతారేమో. నేను లోపలికి ఉరికిన పిల్ల వైపు నుంచి చదివాను.

చాలా ఏళ్లు నేను నాయిన మీద కోపం లోపలే పెట్టుకున్నాను. ఉద్యోగం వచ్చినంక ఒకరోజు అడిగేశాను. మేస్త్రి అబద్ధమాడి తీసుకుపోయాడు కదా నాయినా అని. నాయిన తువ్వాలతో ముఖం తుడుచుకుని అన్నాడు: "అబద్ధమాడలే బిడ్డా. పండుగకు పంపిస్త అన్నడు. ఏ పండుగకో చెప్పలే. నేను అడగలే."

ఆ మాట విన్న వారానికే చదువుతున్న నవలలో ఒక ఘట్టం వచ్చింది. పల్లెపిల్ల తన చెల్లెను విడిపించుకోవడానికి ఎల్ఫ్ రాజు ముందు నిలబడుతుంది. ఆయన "మీ చెల్లె సురక్షితంగా ఇంటికి చేరుతుంది" అంటాడు. అబద్ధమాడలేడు కాబట్టి అది నిజమే. ఆ పిల్ల వెంటనే ఒప్పుకోదు. ఎప్పుడు చేరుతుంది? ఈ చంద్రుడు తిరిగేలోపా? ఏ ఇంటికి? ప్రాణంతోనా? మనసు చెడకుండానా? అని ఒక్కొక్కటీ అడుగుతుంది. రాజు ముఖం మారుతూ వస్తుంది. దాదాపు ఆరు పేజీలు అదే బేరం. అచ్చంపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదువుతున్నాను. కల్వకుర్తి దాటింది కూడా తెలియలేదు. ఏ పండుగకని అడిగినట్టే అడుగుతోంది ఆ పిల్ల. మా నాయిన అడగలేని ప్రతి మాటా అడుగుతోంది. పుస్తకం మూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంటే పక్క సీటు ఆమె "ఎవరన్న పోయిండ్రా అమ్మా?" అని అడిగింది.

అందుకే ఈ కథలను వట్టి ఊహలు, పగటికలలు అని ఎవరైనా కొట్టిపారేస్తే నాకు మనసుకు పడుతుంది. ఒప్పందాల్లో ఓడిపోయిన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ బేరం ఘట్టాలు చాలా దగ్గరి సంగతులు. మాటను పట్టుకుని, మాటను విడదీసి, మాటతోనే గెలిచే ఆడపిల్ల అక్కడ ఉంది. చదువు, డబ్బు, కులబలం ఏమీ లేని పిల్ల. చెవులు తెరిచి వినడం మాత్రం వచ్చు.

ఇక ప్రేమ. ఈ నవలల్లో నాకు ఇష్టమైన చోటు ముద్దులు కాదు. అన్ని శక్తులున్నవాడు, ఒక కనుసైగతో ఆమెను మాయలో పడేయగలిగినవాడు, ఆ పని చేయకుండా నిలబడి "నీకు ఇష్టమేనా?" అని అడిగే చోటు. మంచి రచయిత్రి అయితే ఆ ప్రశ్న దగ్గరికి రావడానికి మూడు వందల పేజీలు తీసుకుంటుంది. అడిగినంక కూడా ఆమె వెంటనే చెప్పదు. ఆయన ఆగుతాడు. ఐదు వందల ఏళ్లు బతికినవాడికి ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో రాస్తే, అది నాకు దొరికిన మంచి పుస్తకం.

మాకు పెళ్లిచూపుల్లో ఆ ప్రశ్న అబ్బాయినే అడుగుతారు. మొదట వచ్చిన రెండు సంబంధాల్లో పెద్దమనుషులు "పిల్ల నచ్చిందా?" అని అటువైపే తిరిగి అడిగారు. మూడోసారి వచ్చినాయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. నేను బిందెలోంచి చెంబుతో నీళ్లు పోస్తున్నాను. తలెత్తకుండా, ఇంట్లోవాళ్లకు వినపడనంత మెల్లగా, "మీకు ఇష్టమేనా? లేకుంటే చెప్పండి, నేనే వద్దన్ననని చెప్త, మీ మీదికి మాట రాదు" అన్నాడు. చెంబు నా చేతిలోనే ఉంది. నీళ్లు ఆయన చేతుల మీదినుంచి చెప్పుల మీద పడుతున్నాయి. నేను జవాబు చెప్పడానికి ఆయన చెప్పులు పూర్తిగా తడిసేంత సేపు పట్టింది. ఆర్టీసీలో డ్రైవర్. నవలలు చదవడు. కానీ ఆ పెరటి మాట తర్వాత నాకు ఏ ఎల్ఫ్ రాకుమారుడు అడిగినా కొత్తగా అనిపించదు, తెలిసినట్టే అనిపిస్తుంది.

ఈ నవలలన్నీ మంచివని నేను అనను. ఆమెను చెరలో పెట్టి, బాధపెట్టి, చివర్లో 'అంతా నీ మేలు కోసమే' అని చెప్పించేవి ఉన్నాయి. అట్లాంటివి నేను మధ్యలోనే ఆపేస్తాను. వార్డులో దెబ్బలతో వచ్చే గర్భిణులు కూడా అదే మాట చెప్తారు, నా మంచికే కొట్టిండు అని. అది నాకు పుస్తకంలో అక్కర్లేదు. ఇంకొన్ని మొదట షరతులన్నీ పెట్టి, చివరికి ప్రేమ గెలిచిందని ఆ షరతులన్నీ గాలికి వదిలేస్తాయి. మాట కట్టదని తేలిపోతే అంతకుముందు పడ్డ భయమంతా దేనికి? పనివాళ్ల సంగతి కూడా నాకు కొడుతూ ఉంటుంది. ఆ ఎల్ఫ్ కోటల్లో వేయి దీపాలు వెలుగుతుంటాయి. నూనె ఎవరు పోస్తారు? పరుపులు ఎవరు దులుపుతారు? కొందరు రచయిత్రులు అది మర్చిపోరు, వంటశాలలో పనిచేసే చిన్న జాతివాళ్ల ముఖాలు కూడా చూపిస్తారు. నేను ఆ పేజీల దగ్గర నెమ్మదిగా చదువుతాను.

చావు లేనివాళ్లు చావున్నవాళ్లను ప్రేమించడం గురించి కూడా ఒక మాట. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర వోల్వర్‌కోట్ శ్మశానంలో ఒకే రాతి కింద భార్యాభర్తలు ఉన్నారు. భార్య ఈడిత్ 1971లో పోయింది, భర్త, రచయిత టోల్కీన్ 1973లో. ఆయన రాసుకున్న కథల్లో లూథియెన్ అనే ఎల్ఫ్ కన్య బెరెన్ అనే మనిషి కోసం చావులేని బతుకు వదులుకుని, మనిషిలాగా చావడానికి ఒప్పుకుంటుంది. ఆ సమాధి రాతి మీద ఈడిత్ పేరు కింద లూథియెన్ అని, ఆయన పేరు కింద బెరెన్ అని చెక్కారు. ఒక ముసలాయన తన భార్య పోయినప్పుడు రాతి మీద ఆ పేరు రాయించడం తలుచుకుంటే, ఇవి పిల్లల కథలు అనే మాట నా నోట రాదు. నేను రాత్రిపూట పుట్టేవాళ్లనూ చూస్తాను, పోయేవాళ్లనూ చూస్తాను. పుట్టిన ప్రతి బిడ్డ పిడికిలి బిగించే వస్తుంది. ఎప్పటికీ ఉండేవాడికి ఆ పిడికిలి విలువ తెలియదు. లూథియెన్‌కు తెలిసింది.

అమ్మకు ఈ కథలు ఇష్టమే. ఊరికి పోయినప్పుడు రాత్రి వాకిట్లో మంచం వేసుకుని నేను తెలుగులో చెప్తుంటే వింటుంది. అమ్మకు నల్లమల దగ్గరిది. చెంచులు నరసింహస్వామిని తమ అల్లుడంటారు, దేవుడు అడవిపిల్ల కోసం దిగొచ్చిన కథ అమ్మ చిన్నప్పటి నుంచీ విన్నదే. సలేశ్వరం జాతరకు చైత్ర పున్నమప్పుడు నడిచి పోయింది కూడా, ఏడాదిలో ఆ కొన్ని రోజులే తెరిచే అడవిలోకి. అందుకే ఎప్పుడో ఒకసారి తెరుచుకునే తలుపు, లోపల వేరే లోకం అంటే అమ్మకు వివరించాల్సిన పని లేదు. ఆమె ప్రశ్నలు వేరే. ఎల్ఫ్‌కు ఇనుము పడదని చెప్పినప్పుడు చాలాసేపు ఆలోచించి, "మరి ఆ పిల్ల అక్కడికి కోడలుగ పోతే రొట్టె దేని మీద కాలుస్తది?" అని అడిగింది. ఇనుప పెంక లేకుండా జొన్నరొట్టె ఎట్ల అవుతుందని ఆమె బాధ. మట్టి పెంక మీద కాలుస్తదమ్మా అని చెప్పాను. "పాతకాలంల అట్లనే కాల్చేటోళ్లు" అని ఒప్పుకుంది. నేను ఇప్పటిదాకా చదివిన ఏ నవలలోనూ ఆ సంగతి రాయలేదు.

నాయిన ఎప్పుడూ వినేవాడు కాదు, అటు తిరిగి పడుకునేవాడు. పోయిన ఎండాకాలం ఒక రాత్రి నేను అమ్మకు థామస్ కథ చెప్తున్నాను. నవల కాదు, స్కాట్లాండ్‌లో వందల ఏళ్లుగా పాడుకునే పాట. థామస్ అనే మనిషి చెట్టు కింద పడుకుని ఉంటే ఎల్ఫ్‌ల రాణి గుర్రం మీద వచ్చి తనతో రమ్మంటుంది. ఏడేళ్లు ఆమె దగ్గర పనిచేయాలి. ఆ లోకంలో ఉన్నంతకాలం ఏమి చూసినా, ఏమి విన్నా నోరు మెదపొద్దు. మెదిపితే మళ్లీ తన ఊరికి రాలేడు.

అటు తిరిగి ఉన్న నాయిన అన్నాడు, "ఏడేండ్లా?"

"ఏడేండ్లే నాయినా. ముందే చెప్పింది. ఏడేండ్లు నిండంగనే పంపించింది."

నాయిన ఇటు తిరిగాడు. "కూలి ఏమిచ్చింది?"

"అబద్ధమాడలేని నాలుక ఇచ్చింది. ఇగ ఆయన నోట ఎప్పుడూ నిజమే వస్తది."

నాయిన లేచి కూర్చున్నాడు. బీడీ కోసం తలగడ కింద తడిమాడు, అమ్మ చూస్తోందని చేయి వెనక్కి తీసుకున్నాడు. "గది కూలేంది బిడ్డా? నిజమే చెప్పుకుంట అంగట్ల ఎద్దునెట్ల అమ్ముతడు?"

నాకు కాసేపు మాట రాలేదు. ఆ పాటలో థామస్ రాణితో అదే అంటాడు. నా నాలుక నాకు ఉండనీ, ఈ వరంతో సంతలో అమ్మలేను, కొనలేను అని. అది పుట్టిన దేశం ఎక్కడో, మా నాయిన ఎక్కడో. ఆయనకు ఇంగ్లిష్ పాట సంగతి అటుంచి, తన పేరు రాయడం కూడా రాదు.

"థామస్ కూడా అదే అడిగిండు నాయినా" అన్నాను.

"ఆయనగూడ ఎవుసం చేసేటోడే అయ్యుంటడు" అని నాయిన మంచం నా దిక్కు జరుపుకున్నాడు. "ఊరికి వచ్చినంక ఇంట్లోళ్లు గుర్తుపట్టిండ్రా? చెప్పు."